చొక్కా వెనకవైపు

మా అబ్బాయి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాడు. వారానికి ఒకటి రెండుసార్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పై వాళ్ళతో మాట్లాడాలి. ఆ రోజు మాత్రం లుంగీ మీదే తెల్ల చొక్కా తొడుక్కుంటాడు. మొన్న ఆ చొక్కా నా చేతికిచ్చి, కాలరూ ముందు భాగమూ ఇస్త్రీ పెడితే చాలమ్మా, వెనక ఎవరికి కనిపిస్తుంది అన్నాడు. వాడన్నదీ నిజమే. నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గులో పెట్టి, చొక్కా తిరగేసి, అలవాటు కొద్దీ వెనకవైపే మొదలుపెట్టాను. వాడు చూసి, నవ్వి వెళ్ళిపోయాడు. చెప్పడం మొదలుపెడితే వాడి మీటింగు కాస్తా అయిపోతుందని నేనూ ఊరుకున్నాను.

అప్పట్లో మేం కంచరపాలెంలో రైలు పట్టాలకి ఇవతల, రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న, అమ్మ, నాన్నని కన్న మామ్మ, నేను. శ్రీకాకుళం వైపు పల్లెలో ఉన్న కాస్త మెట్ట పొలమూ తమ్ముడికి ఒదిలేసి నాన్న పని కోసం పట్నం వచ్చాడట. హార్బరులో ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తే కంపెనీ ఒకటి ఉండేది. ఖనిజం అని మావైపు ఎవరూ అనరు, ఎర్రమట్టి అంటారు. ఆ మట్టి గుట్టలు పోసే యార్డులో నాన్న కొన్నేళ్ళు పనిచేశాడు. ఇంటికొచ్చి తుమ్మితే చేతిగుడ్డ ఎర్రబడేది. దగ్గు మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు. మామ్మ మిరియాలు దంచి కషాయం కాచి పోసి, పొలమూ వద్దు పట్నమూ వద్దు, నా కొడుకుని నాకు అప్పజెప్పండి అని గోడకేసి మాట్లాడేది.

నాన్నకి లారీ తోలడం వచ్చు. మేనేజరుగారి డ్రైవరు ఊరెళ్ళిపోతే ఆ పని నాన్నకి వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండా దగ్గు తగ్గింది. మామ్మ సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చింది. అయితే డ్రైవరు ఉద్యోగానికి ఒక షరతుండేది. మేనేజరుగారికి తెలుపంటే పిచ్చి. ఆయన డ్రైవరు మందపాటి తెల్ల బట్టతో కుట్టిన యూనిఫారం వేసుకోవాలి, అది పాలల్లో ముంచి తీసినట్టుండాలి, చేయి పెడితే పెళపెళమనాలి. ఎర్రమట్టి అమ్ముకుని బతికే మనిషికి తెలుపు మీద అంత మోజేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మట్టి యార్డులోనే ఉండిపోతే గొడవ లేదు. గాలి హార్బరు వైపునుంచి తిరిగిందంటే అది మా వీధి దాకా వచ్చేది. గిన్నెల మీద, గడపల మీద, తీగ మీద ఆరేసిన బట్టల మీద. వచ్చినట్టు తెలియదు. పొడిగా ఉన్నంతసేపూ బట్ట మీద ఆ మట్టి కంటికి ఆనదు కూడా. తడి తగిలితే మాత్రం లేచి కూచుంటుంది. కొత్తలో రెండుసార్లు నాన్న చొక్కా భుజం మీద ఎర్ర చార చూసి మేనేజరుగారు మొహం ముడుచుకున్నారు. రెండోసారి, మళ్ళీ ఇలా కనిపిస్తే తిరిగి యార్డుకే పంపిస్తానన్నారు. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పి అన్నం తినేశాడు గాని అమ్మ తినలేదు. ఆ రోజునుంచి ఆ యూనిఫారం అమ్మ చేతుల్లోంచి తప్ప ఎవరి చేతుల్లోంచీ వెళ్ళలేదు. వీధి చివర ఇస్త్రీ బండి ఉన్నా అటు చూసేది కాదు.

మా ఇస్త్రీపెట్టె బొగ్గులది, ఇత్తడిది. ఎత్తితే నా చెయ్యి భుజం దాకా లాగేసేది. అమ్మ కొబ్బరిచిప్పల బొగ్గు మాత్రమే వాడేది, అది చిటపటలాడదని. పెట్టెలో నిప్పులు వేసి మూత బిగించి, వాకిట్లో నిలబడి ముందుకీ వెనక్కీ ఊపేది. బొగ్గులు కణకణలాడాక తడిగుడ్డ మీద అడుగు తుడిచి, అరటాకు ముక్క మీద ఒకసారి తోసేది. పచ్చి ఆకు కమిలిన వాసన వచ్చేది. అప్పుడు వేలితో నీటి చుక్క విదిలిస్తే చుయ్యిమనాలి. చుక్క జారిపోతే వేడి ఎక్కువైనట్టు, నిలబడిపోతే చాలనట్టు.

ముందు గంజి సంగతి చెప్పాలి. ఇంట్లో గంజికి వారసులం ఇద్దరం, నేనూ నాన్న చొక్కా. అన్నం వార్చగానే వచ్చే చిక్కటి గంజిలో ఉప్పూ పచ్చి ఉల్లిపాయా వేసి మామ్మ నాకు దొంగచాటుగా ఇచ్చేది. పక్కనే ఎండు నెత్తళ్ళ చేపలు వేగుతుంటే ఇక చెప్పక్కర్లేదు. చొక్కాకి మిగిలింది పల్చబడితే అమ్మకి తెలిసిపోయేది. చొక్కా కడుపు మాడ్చి నీ కడుపు నింపుకుంటావా అని నా చెవి పిండేది. ఇచ్చిన మామ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు నెత్తళ్ళు తిరగేసేది.

ఇంకోసారి అమ్మ చూడకుండా నాలుగు పచ్చి జీడిపిక్కలు ఇస్త్రీపెట్టె నిప్పుల్లో పడేశాను. కాలిన పిక్క కొట్టి తింటే ఆ రుచి వేరు. పిక్కలోని జీడి బుసబుసా పొంగి, నల్లపొగ కక్కి, కన్నాల్లోంచి కారి మామ్మ చీర మీద పడింది. అప్పట్నుంచి ఆరు నెలలు నన్ను ఇస్త్రీపెట్టె దరిదాపులకి రానివ్వలేదు. అదే నాకు మంచిదయింది. ముట్టుకోకూడదు కాబట్టి కూచుని చూసేదాన్ని. పనంతా అలా చూసే నేర్చుకున్నాను.

నాలుగు మడతల దుప్పటి ట్రంకుపెట్టె మీద పరిచి, దాని మీద పాత ధోవతి వేసేది అమ్మ. చొక్కా మీద నీళ్ళు చిలకరించి, చుట్టచుట్టి, ఓ గంటసేపు పక్కన పెట్టేది. తడి అంతటా సమంగా పాకాలట. తరువాత కాలరు. కొసలనుంచి మధ్యకి రావాలిగాని మధ్యనుంచి కొసలకి పోకూడదు, పోతే కొసల్లో ముడత తేలుతుంది. తరువాత భుజాలు, చేతులు, వీపు, ఆఖరున ముందు భాగం. బొత్తాల పట్టీ తిరగేసి తువ్వాలు మీద పెడితే బొత్తాలు మెత్తటి దాన్లో దిగిపోయి బట్ట చదునుగా వస్తుంది. వేడి గంజి వాసన అన్నం ఉడుకుతున్న వాసనలాగే ఉండేది, నాకు ఆకలేసేది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. పదకొండేళ్ళకే, నా చేతికివ్వరు గాని ఇస్తే అమ్మకన్నా బాగా పెడతానని నా నమ్మకం.

ఆ అవకాశం వచ్చింది. అమ్మకి జ్వరం. మూడో రోజుకి లేచి కూచోలేక మంచానికి అతుక్కుపోయింది. మర్నాడు ఓడలో విదేశాలవాళ్ళెవరో దిగుతున్నారు. మట్టి కొనేవాళ్ళు. మేనేజరుగారు వాళ్ళని రోజంతా కార్లో తిప్పుతారు, తలుపు తీసి పట్టుకోవాల్సింది నాన్న. ఉన్నవి రెండు జతలు. ఒకటి, మేనేజరుగారు ఊళ్ళో లేని రోజని నాన్న మామూలు బట్టల్లో వెళ్తే, పొద్దున్నే మామ్మ ఉతికింది, ముసురుకి ఇంకా పచ్చిగా ఉంది. రెండోది అమ్మ పడిపోకముందు ఆరేసింది, అప్పట్నుంచీ చూరు కిందే వేలాడుతోంది. చేతుల్లోంచి వెదురుకర్ర దూర్చి ఆరేసేది అమ్మ, తీగ గీత పడకుండా. మా పెరట్లోంచి చూస్తే ఆ చొక్కా ఎవరో చేతులు చాపి, హార్బరుకి వీపు పెట్టి నిలబడ్డట్టు ఉండేది.

బడినుంచి వచ్చి నేను పెడతానన్నాను. మామ్మకి చూపు ఆనదు, జ్వరంలో అమ్మకి మాట పెగలడం లేదు. సరేనని తలూపారు. నిప్పులు వేశాను. ఊపాను. అరటాకు మీద తోశాను. నీటి చుక్క చుయ్యిమంది. చొక్కా తెచ్చి నీళ్ళు చిలకరించి చుట్టచుట్టి గంట ఆగాను. కాలరు కొసలనుంచి మధ్యకి తెచ్చాను. ఏ మెట్టూ తప్పలేదు. ఆ మాట ఇప్పటికీ చెప్పగలను.

తప్పింది ఒకటే. అమ్మ చొక్కాని ఎప్పుడూ పెరట్లోనే, కర్రనుంచి తీస్తూనే, గాలివాలుకి నిలబడి గట్టిగా దులిపేది. మూడుసార్లు, నాలుగుసార్లు, తరువాత మెత్తటి గుడ్డతో ఒకసారి పై పైన తుడిచి లోపలికి తెచ్చేది. నేను ఇస్త్రీ చూసింది గదిలో, ట్రంకుపెట్టె ముందు కూచుని. పెరట్లో జరిగేది ఇస్త్రీలో భాగమని నాకు తోచలేదు. అమ్మ బట్టలు దులపడం చూశాను, బియ్యం చెరగడం చూసినట్టే చూశాను.

చుట్ట విప్పినప్పుడే వీపు కాస్త రంగు మారినట్టనిపించింది. గదిలో వెలుతురు తక్కువ, అలా అనిపించిందనుకున్నాను. ఇస్త్రీపెట్టె తోశాక తెలిసింది. తడి, గంజి, వేడి, మూడూ కలిసి మట్టిని బట్టలోకి దించేశాయి. రెండు భుజాల మధ్య అన్నం పళ్ళెమంత మరక, ఇటుక రంగుది. తడిగుడ్డ పెట్టి రుద్దాను, ఇంకాస్త పాకింది. నిమ్మకాయా ఉప్పూ పెట్టి ఎండలో వెయ్యాలని తెలుసు. ఎండ లేదు, మళ్ళీ ఉతికి గంజి పెట్టి ఆరబెట్టే వేళా లేదు. చెప్పెయ్యాలి. చెప్పలేదు. ముందు భాగం శ్రద్ధగా పెట్టి, మరక లోపలికి పోయేలా మడిచి, పైన ప్యాంటు పెట్టి ఇచ్చేశాను. మామ్మ చేత్తో తడిమి చూసి, మీ యమ్మ పెట్టినట్టే ఉందని మెచ్చుకుంది.

తెల్లారాక నాన్న చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, సంతోషంగా బయటికి నడిచాడు. సైకిలు స్టాండు తియ్యడానికి వంగాడు. అంత ఎర్ర మరక మామ్మ కంటికి కూడా ఆనింది.

"ఒరే, ఎనకేటిరా అది?" అంది.

నాన్న చొక్కా విప్పి చూశాడు. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. ఎవరు పెట్టారని నాన్న అడగలేదు. అడక్కుండానే మంచం మీదనుంచి అమ్మ మాట వినిపించింది.

"నానే పెట్టేను. జొరంలో కళ్ళు కనపడనేదు."

మామ్మ నోరు తెరిచి, నావైపు చూసి, మళ్ళీ మూసుకుంది. నాన్న ఆ చొక్కా చేత్తో పట్టుకుని చూరు కిందికి వెళ్ళాడు. మామ్మ ఉతికిన జత ముట్టుకుంటే ఇంకా తడిగానే ఉంది. యార్డు, కషాయం, దగ్గు అన్నీ ఆ ఇంట్లో మళ్ళీ వచ్చి నిలబడ్డట్టయింది. తరువాత నాన్న చొక్కా తిరిగి తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు.

"ముందు బాగుందేటి?" అని మామ్మని అడిగాడు.

"ముందు బాగానే ఉందిరా. ఎనకే."

"అయితే ముందే సూపిత్తాను. ఎనక్కి తిరగను."

ఆ పగలంతా నాకు బళ్ళో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. సాయంత్రం నాన్న వచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. సైకిలు గోడకి ఆనించి, అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు తెరలు తగ్గాక చెప్పాడు. తలుపు తీసి, చేతులు కట్టుకుని, మేనేజరుగారి మొహంలోకే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడట. వాళ్ళు ఆఫీసు మెట్లెక్కేదాకా అలాగే. ఓడ దగ్గరా అంతే, గెస్ట్‌హౌస్ దగ్గరా అంతే. సీట్లో కూచున్నాక భయం లేదు. ఒకచోట తాళ్ళ చుట్ట మీద పడబోయి తమాయించుకున్నాడు. మధ్యాహ్నం మేనేజరుగారు మిగతా డ్రైవర్లందర్నీ పిలిచి, మర్యాదంటే ఇది, పెద్దవాళ్ళకి వీపు చూపించని మనిషిని ఇన్నాళ్ళకి చూశాను, నేర్చుకోండి అన్నారట. వచ్చినవాళ్ళలో ఒకాయన నాన్నకి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు.

మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అమ్మ జ్వరంలోనే లేచి కూచుని నవ్వింది. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను.

మర్నాడు నాన్న, మామ్మ ఉతికిన జత వేసుకుని వెళ్ళాడు. తలుపు తీసి, వేసి, మామూలుగా తిరిగి కారెక్కబోయాడు. మేనేజరుగారు మెట్ల మీద ఆగి, నిన్నటి మర్యాద నిన్నటితోనే అయిపోయిందా అన్నారట. నాన్న మళ్ళీ ఆయనవైపు తిరిగాడు. చేతులు కట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అలా నాలుగేళ్ళు. యార్డుకి వెళ్ళలేదు, దగ్గు తిరిగి రాలేదు, జీతం పెరిగింది. బట్టలో మరక అమ్మ నిమ్మకాయలతో మూడు ఉతుకుల్లో వదిలించేసింది. తక్కిన డ్రైవర్లు నాన్నని రివర్స్ గేరు బావ అనేవారు. నాన్న కూడా నవ్వేవాడు. అమ్మ నన్ను తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. జ్వరం తగ్గిన వారానికి నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి చొక్కా చేతికిచ్చి దులపమంది. చెయ్యి నొప్పెట్టేదాకా దులిపించింది. ఆ తరువాత యూనిఫారం నాకే అప్పజెప్పింది.

ఒకసారి నాన్న క్యారేజీ మరిచిపోతే నేను పట్టుకెళ్ళాను. ఆఫీసు గేటు లోపల చెట్టు పక్కన నిలబడ్డాను. కారు వచ్చింది. మేనేజరుగారు దిగారు. నాన్న తలుపు వేసి, తల కాస్త వంచి, నావైపుకే వెనక్కి నడుచుకుంటూ వస్తున్నాడు. మెట్ల దగ్గర మేనేజరుగారు ఎవరితోనో మాటల్లో పడ్డారు, ఇటు చూడనే లేదు. అయినా నాన్న నడుస్తూనే ఉన్నాడు. కాలు వెయ్యబోయే ముందు మడమతో నేల తడుముకుంటున్నాడు. నాకు కనిపిస్తున్నది తెల్లటి వీపు ఒక్కటే. ముందురోజు సాయంత్రం నేను పెట్టిన ఇస్త్రీ, ఒక్క ముడత లేదు, ఒక్క చుక్క లేదు. ఆ వీపు ఎవరికి చూపించినా తప్పులేదు. నాకు ఏడుపొచ్చింది. క్యారేజీ వాచ్‌మన్ చేతికిచ్చి ఇంటికి వచ్చేశాను.

నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ మేనేజరుగారికి వేరే ఊరు బదిలీ అయింది. కొత్తాయన కుర్రాడు. మొదటి రోజు కారు ఆగీ ఆగకముందే తలుపు తనే తీసుకుని, తనే వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని లోపలికి పోయాడట. నాన్న చేతులు కట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాక చూస్తే ఎదురుగా ఎవరూ లేరు.

ఆ సాయంత్రం నాన్న సైకిలు దిగి లోపలికి రాలేదు. నన్ను వాకిట్లోకి పిలిచాడు. అమ్మని కాదు, మామ్మని కాదు. నేను వెళ్ళేసరికి వీపు నావైపు పెట్టి, గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"ఈయేల ఎనక్కి తిరిగి తిన్నగా నడిసీసినానమ్మీ. ఎనక మరకేటైనా ఉందేటి సూడు."

అప్పుడు తెలిసింది నాకు. మంచం మీదనుంచి లేవలేని మనిషి అంత బరువు ఇస్త్రీపెట్టె ఎలా తోస్తుందో లెక్క వేసుకోలేనంత అమాయకుడేం కాదు నాన్న. ఆ మరక నా చేతిదేనని ఆ పొద్దున్నే తెలుసు ఆయనకి. నాలుగేళ్ళూ తెలుసు.

"ఏటీ నేదు నాన్నా," అన్నాను.

"సరిగ్గా సూడు."

సరిగ్గానే చూశాను. సీటుకి ఆనుకున్న చోట రెండు ముడతలు, మెడ కింద కాస్త చెమట. ఇంకేమీ లేదు. అదే మాట మళ్ళీ చెప్పాను. నాన్న తలూపాడు గాని నావైపు తిరగలేదు. నేను కళ్ళు తుడుచుకునేదాకా అలాగే గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.